ఇంటికన్నా పొడుగైన తీగ

“తీగ తెగింది కాబట్టే గంట మోగలేదు,” అన్నాడు రేమండ్ స్టాబ్స్.

“ఏ తీగ?” అంది డోరీన్.

“వంటింటి ప్లగ్గుది. పావురాల గూటికి పెట్టిన అలారం గంటకి కరెంటు ఆ ప్లగ్గునుంచే పోతుంది. దొంగ ముందు బొగ్గుల గదిలో తీగ తెంపాడు. ప్లగ్గు చచ్చింది, దాంతో గంటా చచ్చింది. అప్పుడు తాపీగా గూడు తలుపు తీసి నా ఆగ్నెస్‌ని ఎత్తుకుపోయాడు. మర్నాడు తీగ నేనే అతికించుకున్నా. ఇదంతా ట్యులిప్‌కి చెప్పాను, ఆయన రాసుకున్నాడు. మళ్ళీ నీకూ చెప్పాలా?”

“నాకు రాసుకునే అలవాటు లేదు నాయనా, అందుకే నోటితో చెప్పించుకుంటున్నా. తెగింది ఒక్కచోటేనా?”

“ఒక్కచోటే.”

“మిగతా ప్లగ్గులు?”

“అన్నీ శుభ్రంగా పనిచేశాయి. ఇంకేమైనా ఉందా? నాకు క్లబ్బులో పనుంది.”

డోరీన్ టీ కప్పులోకి చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. నా పేరు నెవిల్ హెస్లప్, నేను ఆవిడ భర్తని. నేను ఈ వెదర్‌లా ఊళ్ళో బస్సు నడిపి రిటైరయ్యాను. ఆవిడ ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ళలో కరెంటు తనిఖీలు చేసి చేసి, ఆ ఉద్యోగం మానేశాక మా ముందుగదిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పేకాటలో నేను తప్పు ముక్క వేసినప్పుడల్లా ఆవిడ సరిగ్గా ఇలాగే నవ్వుతుంది.

రేమండ్ టోపీ పెట్టుకుని వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. వంటింట్లో మేమిద్దరం, అతని చెల్లెలు ఎడ్నా మిగిలాం.

కేసు ఇది. ఆగ్నెస్ అంటే రేమండ్ పెంచే పెట్ట పావురం. పోయిన ఏడు ఫ్రాన్సు నుంచి ఎగిరి వచ్చి, మా జిల్లా పావురాలన్నిటికన్నా ముందు గూట్లో వాలింది. ఈ శనివారం మళ్ళీ అదే పందెం. మూడు వారాల కిందట ఆగ్నెస్ మాయమైంది. పావురాల క్లబ్బు వాళ్ళు కాలిన్ ట్యులిప్‌ని పిలిపించారు. ఆయన ఒకప్పుడు పోలీసు సార్జెంటు, ఇప్పుడు మా వృత్తే. ఆయన వారం తిరక్కుండానే దొంగని తేల్చేశాడు: పక్కింటి కత్‌బర్ట్ లోవ్స్. ఈ సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. తీర్మానం అయిందంటే కత్‌బర్ట్‌ని జన్మలో క్లబ్బు గడప తొక్కనివ్వరు, అతని గూడు కూల్చేస్తారు.

డెబ్బై దాటిన ఆ కత్‌బర్ట్‌నే ఎల్లుండి శనివారం ఎడ్నా పెళ్ళి చేసుకోబోతోంది. ముప్ఫయ్యేళ్ళు అన్నకి వండిపెట్టి, అరవై ముందర, ఒక గోడ అవతలికి కాపురానికి పోతోంది. మమ్మల్ని పిలిచింది ఆవిడే.

“మా రేమండ్ అబద్ధమాడుతున్నాడా డోరీన్?” అంది ఎడ్నా. ఆవిడ చేతిలో పెళ్ళికి చేసిన ట్రైఫిల్ గిన్నె ఉంది, కేకూ పళ్ళూ కస్టర్డూ పొరలుగా వేసిన తీపి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడింది.

“ముందు ఆ గిన్నె లోపల పెట్టు బంగారం. నీ ఆప్రన్ తాడు ఒకసారి ఇయ్యి.”

డోరీన్ తాడుని బల్లమీద గుండ్రంగా పరిచి, దాని వెంబడి చక్కెర పలుకులు పేర్చింది.

“మన ఇళ్ళలో ప్లగ్గుల తీగ ఇట్లా ఉంటుంది. ఫ్యూజు పెట్టెలో బయల్దేరి, ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నిటినీ పలకరించుకుంటూ తిరిగి, మళ్ళీ ఆ పెట్టెకే వస్తుంది. ఇదిగో, ఇక్కడ కత్తిరించాననుకో. ఈ పలుక్కి కరెంటు ఎట్లా వస్తుంది?”

“రాదుగా?”

“రెండోవైపు నుంచి వస్తుందే పిచ్చిదానా!”

నాకు వెంటనే వెలిగింది. “నా పన్నెండో నంబరు బస్సు లాగా! ఊరంతా చుట్టి మళ్ళీ డిపోకే వచ్చేది. చర్చి దగ్గర రోడ్డు తవ్వితే ఇటు సగం ఇటునుంచి, అటు సగం అటునుంచి వెళ్ళేవాళ్ళం. ఏ స్టాపులోనూ మనుషులు ఆగిపోలేదు.”

“చూశావా, మా ఆయనకి కూడా అర్థమైంది,” అంది డోరీన్. “ఒక్కచోట తెగితే ఒక్క ప్లగ్గు కూడా చావదు. గంట మోగి తీరాలి. ఇది ట్యులిప్‌కి తెలీదు, సరే. మీ రేమండ్ గనిలో పాతికేళ్ళు కరెంటు మిస్త్రీ. అతనికి తెలీదా? ట్యులిప్ ముందు నోటికొచ్చింది చెప్పేశాడు. ఇప్పుడు నా ముందు మాట మార్చలేక అదే అప్పజెప్పాడు.”

ఎడ్నా కుర్చీలో కూలబడింది. తర్వాత ముక్కు తుడుచుకుని, “సరే, ఏం చూడాలో చూసెయ్యి. నా పెళ్ళికొడుకు దొంగో, నా అన్న అబద్ధాలకోరో, ఏదో ఒకటి శనివారం లోపల తేలాలి. రెండూ అయితే మాత్రం నాకు చెప్పకు,” అంది. తన మాటకి తనే నవ్వేసింది కూడా.

ముందు బొగ్గుల గది చూశాం. గోడ వెంబడి పోయే తీగమీద ఏళ్ళనాటి మసి దళసరిగా పేరుకుని ఉంది. కత్తి పడిన గుర్తు గానీ, అతుకు గానీ ఎక్కడా లేవు.

డోరీన్ మెయిన్ ఆపేసింది. ఫ్యూజు పెట్టె మూత విప్పి, తీగ రెండు కొసలూ బయటికి లాగింది. ఒక్కో కొసలో మూడు తీగలు: ఎర్రది, నల్లది, ఎర్తుది. సంచీలోంచి మీటరు తీసింది.

“ఎర్రదానికి ఎర్రది,” అంటూ రెండు కొసల్నీ మీటరుకి తగిలించింది. ముల్లు కదిలింది. “తెగలేదు. నల్లదానికి నల్లది... అదీ తెగలేదు, అంకె కూడా అదే. ఇక ఎర్తు. ఇది సన్నం కాబట్టి ఎక్కువ చూపాలి. చూపింది. అమ్మయ్య, మూడూ నిక్షేపంగా ఉన్నాయి.”

“అయితే అయిపోయిందా?” అన్నాను ఆశగా. నా మోకాళ్ళు అప్పటికే గొడవ చేస్తున్నాయి.

“లేదు. నువ్వు లేచి ప్లగ్గుల దగ్గరికి నడువు.”

ఆవిడ ఒక కొసలోని ఎర్రదాన్ని రెండో కొసలోని నల్లదానితోనూ, మిగిలిన రెండిటినీ ఒకదానితో ఒకటీ కలిపి ముడేసింది. వలయం బాగుంటే ఇప్పుడు ప్లగ్గులన్నీ ఒకే అంకె చూపాలట. నేను మీటరు పట్టుకుని కిందా పైనా తిరిగి ఒక్కో ప్లగ్గులో సూదులు పెట్టి అంకె అరిచాను. వంటింట్లో, ముందుగదిలో, ఎడ్నా గదిలో, రేమండ్ గదిలో. అన్నిచోట్లా అదే అంకె.

“మంచి వలయం. ఈ ప్లగ్గుల్లో ఒక్కటీ పక్కకి లాగిన కొమ్మమీద లేదు, దొంగ అతుకులు లేవు,” అంది డోరీన్. కానీ ఆవిడ మొహం వికసించలేదు. మొదట వచ్చిన అంకెలు మళ్ళీ పైకి అనుకుంటూ ఇంటి పైకప్పుకేసి చూసింది. వంటింటి గోడ పొడుగు అడుగులతో కొలిచింది. మెట్ల దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

“ఏమైంది?”

“నెవిల్, తీగ ఎంత పొడుగుంటే మీటరు అంత ఎక్కువ చూపిస్తుంది. ఇది రెండు గదులపైన రెండు గదుల ఇల్లు. ఈ పాటి ఇంటికి ఎంత చూపాలో నిద్రలో అడిగినా చెప్తాను. ఇది దానికి ఇంచుమించు రెట్టింపు చూపిస్తోంది.”

“అంటే?”

“తీగ ఇంటికన్నా పొడుగుంది.”

ఎడ్నా చేతిలోని టార్చి ఎత్తి గోడలమీద వెలుతురు తిప్పింది.

ఆ మిగులు తీగ ఎక్కడుందో కనిపెట్టే ఉపాయం డోరీన్‌కి తెలుసు. ఒక్కో ప్లగ్గు మూత విప్పి, ఒక ప్లగ్గునుంచి పక్క ప్లగ్గుదాకా ఉన్న ముక్కని విడిగా కొలిచింది. కింద అన్ని ముక్కలూ ఎంతెంత ఉండాలో అంతే ఉన్నాయి. ఎడ్నా గదిలోనూ అంతే. రేమండ్ గదిలో మంచం వెనక గోడకి రెండు ప్లగ్గులున్నాయి. వాటి మధ్య దూరం ఒక జాన. మీటరు పెట్టింది.

“ఏమే ఎడ్నా!” అని డోరీన్ నేలమీదే చతికిలబడి పకపకా నవ్వింది. “ఈ రెండు ప్లగ్గుల మధ్య జానెడు గోడ, వీధి పొడుగు తీగ!”

తీగ రెండు ప్లగ్గుల నుంచీ తిన్నగా పైకి పోతోంది, కప్పులోకి.

“అటకమీదికి ఎప్పుడెక్కావు?” అని అడిగింది డోరీన్.

“ఎక్కడమెక్కడ? కందిరీగలు పట్టాయన్నాడు మా రేమండ్. నేను సముద్రం ఒడ్డుకి, విట్లీ బే వెళ్ళి మా కజిన్ దగ్గర వారం ఉండొచ్చేసరికి పట్టాయట.”

“ఎప్పుడు?”

“ఆగ్నెస్ పోయిన వారమే.”

“కందిరీగలకి కరెంటు కూడా కావాలి కాబోలు,” అన్నాను నేను.

“కరెంటా? ఎవరి కరెంటు?” అని గుమ్మం దగ్గర గొంతు వినిపించింది.

కాలిన్ ట్యులిప్. ఆరడుగుల మనిషి, చుక్కల బో టై, బుగ్గలో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ. పోయినసారి చర్చి వెండి దొంగతనం కేసులో మాకన్నా ఒకరోజు ముందు దొంగని పట్టుకుని పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. ఆ కాగితం కత్తిరించి మాకు పోస్టులో పంపాడు కూడా.

“డోరీనమ్మా! ఒక పెద్దమనిషి పడగ్గదిలో, మంచం వెనక, మొగుణ్ణి పక్కన పెట్టుకుని... ఏం చేస్తున్నావని అడగను, భయమేస్తోంది.”

“ప్లగ్గులు లెక్కపెడుతున్నానండి ట్యులిప్ గారూ. మీరు లెక్కపెట్టలేదుగా.”

“ప్లగ్గులు పావురాల్ని ఎత్తుకుపోవు తల్లీ. మనుషులు ఎత్తుకుపోతారు.” ఆయన జేబులోంచి చిన్న కవరు తీసి, అందులోని నీలిరంగు ఈక చూపించాడు. “కత్‌బర్ట్ గూట్లో దొరికింది. ఇది ఆగ్నెస్ ఈకేనని క్లబ్బులో నలుగురు పెద్దలు చెప్పారు. ఏప్రిల్‌లో పాలవాడు ఆగ్నెస్‌ని కత్‌బర్ట్ కప్పుమీద కళ్ళారా చూశాడు. అంటే వాడు ఎప్పట్నుంచో గింజలు చల్లి మచ్చిక చేసుకుంటున్నాడన్నమాట. ఇంకేం కావాలి నీకు?”

“ఈక నిజమేనా?”

“నిజం.”

“పాలవాడు చూసింది?”

“ముమ్మాటికీ నిజం.”

“నేనూ నమ్ముతున్నా,” అంది డోరీన్. ట్యులిప్ నోట్లో బిళ్ళ ఆగిపోయింది. “మీకు దొరికినవన్నీ నిజాలేనండి. వాటిని మీరు తలకిందులుగా పేర్చుకున్నారు, అంతే. నిచ్చెన పట్టుకుంటారా, మీరూ పైకొస్తారా?”

పౌరుషం వచ్చి ఆయనా పైకే వచ్చాడు.

అటకమీద కందిరీగలు లేవు సరికదా, బూజు కూడా లేదు, శుభ్రంగా ఊడ్చి ఉంది. మా గనుల వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ గదుల వరకే, కప్పు కింద అటక మాత్రం వీధి పొడుగునా ఒకటే. రేమండ్ మంచం వెనక నుంచి పైకొచ్చిన రెండు తీగలూ జంటగా దూలం వెంబడి పోతున్నాయి. డోరీన్ టార్చి వేసి చూస్తూ, “అబ్బ!” అంది. అడుగుకొక క్లిప్పు, ఎక్కడా వంకర లేదు, మలుపు దగ్గర కొలిచి వంచినట్టు వంపు. పాత తీగకి కొత్త తీగ కలిసేచోట మూతపెట్టిన పెట్టె, లోపల బిగువైన మరలు.

మోకాళ్ళమీద పాకాం. కత్‌బర్ట్ ఇంటి కప్పు దాటాం. ఆ పక్కది ఎవరూ లేని ఇల్లు, కిటికీలకి చెక్కలు కొట్టేసి చాలాకాలమైంది. దాని పైన, కప్పులో అమర్చిన అద్దాల కిటికీ కింద, శుభ్రమైన చెక్క పెట్టె ఒకటుంది. గింజలు, నీళ్ళు, మెత్తటి గడ్డి, గడ్డి కింద కరెంటుతో వేడెక్కే చిన్న పలక. ఆ గడ్డిమీద రెక్కలు కొంచెం పరుచుకుని ఒక నీలిరంగు పావురం కూర్చుని, మా ముగ్గురినీ ఒంటికన్నుతో చూసింది.

“ఆగ్నెస్,” అంది డోరీన్ మెల్లగా. “ఏమ్మా, తల్లివయ్యావా?”

పావురం కొంచెం జరిగింది. పొట్టకింద రెండు తెల్లటి గుడ్లు కనిపించాయి.

అక్కడ ఉక్కగా ఉందని కిటికీ అద్దం పైకెత్తాను. చెయ్యకూడని పని. ట్యులిప్ అదే క్షణంలో, “దొరికింది సాక్ష్యం!” అంటూ రెండు చేతులూ చాచి ముందుకి దూకాడు. ఆగ్నెస్ అదిరిపడింది. ఆయన టై మీదుగా, నా చెవి పక్కనుంచి, కిటికీలోంచి ఆకాశంలోకి ఎగిరిపోయింది.

ముగ్గురం ఒక్క కిటికీలోంచి తలలు బయటపెట్టాం.

కింద వెనకసందులో కత్‌బర్ట్ పెళ్ళికుర్చీలకి తెల్లరంగు వేస్తున్నాడు. రేమండ్ క్లబ్బు పెద్దలు నలుగురితో కలిసి అప్పుడే సందు మలుపు తిరిగి వస్తున్నాడు. ఆగ్నెస్ ఊరి మీద ఒక పెద్ద చుట్టు చుట్టింది. ఎండ పడి రెక్కలు తళతళ మెరిశాయి. రేమండ్ గూటి మీదుగా కిందికి దిగింది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆగ్నెస్ అక్కడ ఆగలేదు. గోడ దాటి, పక్కింటి దొడ్లో, కత్‌బర్ట్ గూటి గుమ్మం మీద వాలింది.

లోపల్నుంచి కత్‌బర్ట్ పోతు పావురం బిల్లీ బయటికొచ్చింది. అది ఏ పందెంలోనూ వెలుతురుండగా ఇల్లు చేరిన పక్షి కాదు. మెడ ఉబ్బించి, తోక నేలకి రాస్తూ, ఆగ్నెస్ చుట్టూ గుర్రుగుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఆగ్నెస్ ముక్కు దాని ముక్కులో పెట్టింది.

“చూశారా!” అని ట్యులిప్ కప్పుమీద నుంచే కేక వేశాడు. “అందరూ చూశారా! విడిచిపెట్టిన పావురం ఎక్కడ దిగితే అదే దాని ఇల్లు! కత్‌బర్ట్ లోవ్స్, నీ పని అయిపోయింది!”

మేం కిందికి దిగి, ఎడ్నాని వెంటబెట్టుకుని సందులోకి వచ్చేసరికి అక్కడ అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. కత్‌బర్ట్ చేతిలో రంగు కుంచె అలాగే ఉంది, బూటుమీద చుక్కలు పడుతున్నాయి.

“నాకేం తెలీదు ఎడ్నా. ఒట్టు. నువ్వు నన్ను నమ్ముతావా లేదా?”

“నమ్మకపోతే నీకోసం మూడు గిన్నెల ట్రైఫిల్ చేస్తానా మనిషీ!” అంది ఎడ్నా. క్లబ్బు అధ్యక్షుడు మొహం అటు తిప్పుకున్నాడు.

ట్యులిప్ అటకమీద చూసినదంతా పెద్దలకి వర్ణించాడు. కత్‌బర్ట్ తన ఇంటి అటకలోంచి పాకి పక్కింటి పైన దొంగ గూడు కట్టాడనీ, పావురంతోబాటు రేమండ్ ఇంటి కరెంటు కూడా దొంగిలించాడనీ చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. నాకు భయమేసింది. డోరీన్ వైపు చూశాను, ఇక నోరు విప్పమని. ఆవిడ చూపు ట్యులిప్ మీద లేదు. గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తున్న రేమండ్ మీద ఉంది.

“ట్యులిప్ గారూ,” అంది డోరీన్ చాలా మర్యాదగా. “ఒక్క సందేహం. ఆ తీగ పనితనం మీకెట్లా అనిపించింది?”

“పనితనమా? అదేం పనితనం! చేతకాని పని. దారితప్పిన తాగుబోతు లాగినట్టుంది తీగ. ఇల్లంతా తగలబడకపోవడం మన అదృష్టం.”

“అవునా? అతుకులు కూడా వదులుగా...?”

“వదులంటే వదులా! ఎవడో పనిరాని వెధవ చేసి...”

“ఎవడ్రా వెధవ?”

రేమండ్ స్టాబ్స్. మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. గోడని వదిలి రెండంగల్లో ట్యులిప్ ముందుకొచ్చి, వేలు ఆ చుక్కల టైకి గురిపెట్టాడు.

“అడుగుకొక క్లిప్పు కొట్టాను! ఏ అతుకైనా పట్టుకుని వేలాడు, ఊడిందేమో చూద్దాం! ఎవడైనా అయితే దగ్గరున్న ప్లగ్గునుంచి ఒక కొమ్మ లాగేసి ఊరుకునేవాడు. నేను అట్లా చెయ్యలేదు. వలయాన్ని విప్పి, పూర్తిగా అక్కడిదాకా తీసుకెళ్ళి, పూర్తిగా వెనక్కి తెచ్చాను. గనిలో పాతికేళ్ళు ఒక్కరోజు నా తీగ తప్పు పోలేదు. తాగుబోతట!”

క్లబ్బు పెద్దలు నలుగురూ రేమండ్ వైపు తిరిగారు.

“కొమ్మ లాగి ఉంటే నాకు దొరికేవాడివి కాదు రేమండ్,” అంది డోరీన్ మెల్లగా. “కొసలు కొలిస్తే అటకమీదికి పోయే కొమ్మ కనబడదు. మామూలు ఇల్లే అనుకుని పోయేదాన్ని. నువ్వు మరీ చక్కగా చేశావు.”

తనేం అన్నాడో రేమండ్‌కి అప్పుడు తెలిసింది. భుజాలు జారిపోయాయి. టోపీ తీసి చేతుల్లో నలపడం మొదలుపెట్టాడు.

“ఏప్రిల్‌లో మొదలైంది,” అన్నాడు. “తిరగడానికి వదిలితే నా గూటికి రావడం మానేసింది. గోడ దాటి ఆ బిల్లీగాడి దగ్గరికి పోయేది. పట్టి తెచ్చేవాణ్ణి, మళ్ళీ పోయేది. జిల్లా ఛాంపియన్ పావురం! ఎంత ఈల వేసినా ఒక్కసారి తల కూడా తిప్పలేదు. పందేనికి పంపితే ఫ్రాన్సునుంచి వచ్చి, మీ అందరి కళ్ళముందూ పక్కింట్లో దిగుతుంది. పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు. అందుకని పోయిందన్నాను. పేరు నేను ఎవరిదీ చెప్పలేదు. ట్యులిప్ చెప్పినప్పుడు కాదనలేదు. అది తప్పు. నాకు తెలుసు.”

“మరి గుడ్లు?” అంది డోరీన్.

“పట్టి తెచ్చి అటకమీద దాచిన మర్నాడే పెట్టింది. పోతు లేకుండా పెట్ట ఒక్కతే ఎంతసేపని పొదుగుతుంది? తిండికి లేవాలి కదా. పారేద్దామని చేతిలోకి తీసుకున్నా. వెచ్చగా ఉన్నాయి.” ఆగాడు. “నా వల్ల కాలేదు.”

ఎడ్నా అన్న దగ్గరికి నడిచింది. కొడుతుందేమో అనుకున్నాను. ఆవిడ అతని చేతుల్లోంచి ఆ నలిగిన టోపీ లాక్కుని సాపు చేసింది.

“నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది రేమండ్?”

“ఏమని చెప్పను? మొదట నువ్వు, తర్వాత అది. పోయేవాళ్ళంతా ఆ పక్కింటికే పోతున్నారు.”

కత్‌బర్ట్ కుంచె కింద పెట్టాడు. “నా తప్పేం లేదు నాయనా,” అన్నాడు బిక్కమొహంతో. “నేను గింజలు కూడా వెయ్యలేదు.”

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. క్లబ్బు అధ్యక్షుడే అనుకుంటా. నాలుగు క్షణాల్లో సందంతా నవ్వుతోంది. ట్యులిప్ కూడా నవ్వాడు. ఈక ఉన్న కవరు తెచ్చి డోరీన్ చేతిలో పెట్టి, “ఈసారి ఫోటో నీది. కత్తిరించి పంపడం మర్చిపోకు,” అన్నాడు.

రేమండ్ ఒక్కడే నవ్వడం లేదు. తలెత్తి కప్పుకేసి చూస్తున్నాడు.

“ఆగ్నెస్ ఇక్కడుంది,” అన్నాడు. “గుడ్లు అక్కడున్నాయి.”

“వెచ్చటి పలక ఉందిగా,” అన్నాను నేను.

డోరీన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ మొహం అంత తెల్లబోవడం నేను చూడలేదు.

“నెవిల్. మెయిన్ ఆపేశాను.”

రేమండ్ పరిగెత్తాడు. ఆ వయసులో ఆ మెట్లు అలా ఎక్కగలడని నేను కలలో కూడా అనుకోలేదు. ట్యులిప్ అతని వెనకే వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు. డోరీన్ ఫ్యూజు పెట్టె దగ్గరికి ఉరికింది, కానీ కొసలన్నీ విప్పి ఉన్నాయి, ప్లగ్గులన్నీ గోడలకి వేలాడుతున్నాయి. వాటిని మళ్ళీ బిగించేసరికి సాయంత్రమవుతుంది. అటకమీద మోకాళ్ళ చప్పుడు మా తలలపైనుంచి ఒక ఇల్లు దాటి, ఇంకో ఇంటి పైకి పోయింది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు.

అతను దిగి వచ్చేటప్పుడు ఒక చెయ్యి చొక్కా లోపల, గుండెకి ఆనించి ఉంది. సందు దాటి, కత్‌బర్ట్ దొడ్డి తలుపు ముందు ఆగాడు. చెల్లెలి పెళ్ళి మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి ఆ తలుపు అతను ముట్టుకోలేదని ఎడ్నా నాతో తర్వాత చెప్పింది.

కత్‌బర్ట్ తలుపు తీశాడు. “లోపలికి రా. వంగు, నీ తలకి తగులుతుంది.”

గూట్లో రేమండ్ మోకాళ్ళమీద కూర్చుని గుడ్లు ఒక్కొక్కటే బయటికి తీశాడు. మొదటిది గడ్డిమీద పెట్టాడు. రెండోది పెట్టబోయి ఆగిపోయాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని ఎడ్నా చెవి దగ్గరికి చాచాడు.

ఎడ్నా కళ్ళు పెద్దవయ్యాయి. “లోపల్నుంచి ఎవరో తడుతున్నారు!”

పెంకుమీద ఆవగింజంత పగులు. మేం చూస్తుండగానే అది ఇంకాస్త పెరిగింది. రేమండ్ ఆ గుడ్డుని మొదటిదాని పక్కన దించుతుంటే ఆగ్నెస్ బిల్లీని తోసుకుని వచ్చి, అతని బొటనవేలిమీద గట్టిగా ఒక పోటు పొడిచి, రెండు గుడ్లమీదా సర్దుకుని కూర్చుంది.

“అబ్బా!” అన్నాడు రేమండ్. వేలు నోట్లో పెట్టుకున్నాడు. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

కత్‌బర్ట్ వెళ్ళి రంగు ఇంకా ఆరని పెళ్ళికుర్చీ ఒకటి తెచ్చి అతని వెనక వేశాడు. రేమండ్ చూసుకోకుండా దానిమీద కూర్చున్నాడు.